కరెంటు ప్లానింగ్‌లో మన ఊరి ఫీడరు ఎక్కడుంది? విద్యుత్ నియంత్రణ మండలికి (ఈఆర్సీకి) రాయాలంటే ఏం అడగాలి?

దేవరకొండ_బోరుబావి (ప్రశ్న):

నమస్తే అందరికీ. కరెంటు గురించి పెద్ద పెద్ద అంకెలు వింటూనే ఉన్నాం. దామరచర్ల దగ్గర యాదాద్రి ప్లాంటు 4000 మెగావాట్లు, 2030కల్లా ఇంకో 20 వేల మెగావాట్ల గ్రీన్ ఎనర్జీ అని 2025 జనవరిలో వచ్చిన పాలసీ, ఇళ్లకు 200 యూనిట్ల దాకా గృహజ్యోతి, రైతులకు ఎట్లాగూ ఉచితం. దేన్నీ తప్పు పట్టడం లేదు. కానీ వీటన్నిటినీ ఒక దగ్గర పెట్టి, రాబోయే పది ఇరవై ఏళ్లకు ఎంత కరెంటు కావాలి, ఎక్కడి నుంచి తేవాలి, యూనిట్ ఎంత పడుతుంది అని లెక్క వేసేది ఎవరు? ఆ లెక్కలో సబ్‌స్టేషన్ నుంచి మా ఊరికి వచ్చే లైను, అదే ఫీడరు, కూడా ఉంటుందా, లేక హైదరాబాద్‌లో కూర్చుని మొత్తం రాష్ట్రానికి ఒక అంకె వేసి వదిలేస్తారా?

ఎందుకు అడుగుతున్నానంటే, యాసంగి నాట్లు అయిపోయి ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి మా దగ్గర ఓల్టేజీ పడిపోతుంది, మోటరు గుర్రుమంటుంది గానీ నీళ్లు ఎత్తదు, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు పెరిగి కాలిందంటే ఇంకొకటి తెచ్చి బిగించేలోపు మడి నెర్రెలు బారుతుంది. పేపర్లో మాత్రం అదే వారం మిగులు విద్యుత్ అని వస్తుంది. రెండూ ఒకేసారి ఎట్లా నిజమవుతాయి?

కరెంటు రేట్ల (టారిఫ్) మీద ఈఆర్సీకి ఎవరైనా అభ్యంతరం రాయొచ్చని తెలిసింది. ఊళ్లో కొందరం కలిసి రాద్దామనుకుంటున్నాం. ఏం అడిగితే ఉపయోగం ఉంటుందో తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు దయచేసి.

రిటైర్డ్_ఏడీఈ:

తమ్మీ, రెండూ నిజమే, ఎందుకంటే అవి రెండు వేర్వేరు లెక్కలు. మిగులు అనేది ఏడాది మొత్తానికి యూనిట్ల లెక్క. నీ మోటరు ఎత్తకపోవడం మార్చి నెలలో పొద్దున పది గంటలకు మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ (డీటీఆర్) మీద పడే లోడు లెక్క. ఉమ్మడి నల్లగొండలో సబ్‌స్టేషన్లలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి గట్టిగా చెబుతున్నా, ప్లానింగ్ అంటే మెగావాట్లు కాదు, గంటలు. ఏ నెలలో, ఏ గంటకు, ఏ సబ్‌స్టేషన్ కింద ఎంత కావాలి అన్నది తేలకుండా ఎన్ని ప్లాంట్లు కట్టినా నీ ట్రాన్స్‌ఫార్మర్ కాలుతూనే ఉంటుంది.

మన రాష్ట్రంలో పీక్ ఎప్పుడొస్తుందో చూడు. చాలామంది ఎండాకాలం ఏసీల వల్ల మే నెలలో అనుకుంటారు. కాదు, మార్చిలో. 2025 మార్చి 20న 17,162 మెగావాట్లు నమోదైంది. అంతకు ముందు ఏడాది, 2024 మార్చిలో 15,623. యాసంగి వరికి నీళ్లు పెట్టే రోజులు, అప్పుడే మొదలయ్యే ఎండలు, రెండూ కలిసి పడతాయి. రాష్ట్రంలో వ్యవసాయ మోటర్లు సుమారు 28 లక్షలు. సగటున 5 హెచ్‌పీ అనుకుంటే ఒక్కోటి 3.7 కిలోవాట్లు. అన్నీ ఒకేసారి ఆన్ అయ్యాయనుకో, 10 వేల మెగావాట్లు దాటిపోతుంది! అన్నీ ఒకేసారి ఆన్ కావు కాబట్టే ఇన్నాళ్లూ నడుస్తోంది. ఆటో స్టార్టర్లు పెట్టుకున్న చోట మాత్రం కరెంటు పోయి రాగానే అన్నీ ఒక్క దెబ్బన లేస్తాయి, ఫ్యూజులు ఎగిరిపోయేది అప్పుడే. ఆటో స్టార్టర్ తీసేసి కెపాసిటర్ పెట్టుకోమని రైతులకు చెప్పీ చెప్పీ మా నోళ్లు నొప్పి పుట్టేవి.

పాత రోజులు గుర్తున్నవాళ్లు గుర్తు చేసుకోండి. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి మనుషులు పోయారు. 2004లో ఉచిత విద్యుత్ వచ్చింది, కానీ ఏడు గంటలు, అదీ రెండు విడతలు, సగం రాత్రిపూట. చీకట్లో మోటరు పెట్టడానికి పోయి పాము కరిచినవాళ్లు, షాక్ కొట్టి పోయినవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. 2018 జనవరి 1 నుంచి 24 గంటలు ఇవ్వడం ఆ భయాన్ని తీసేసింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఒప్పుకోను. కానీ ఇప్పుడు పగటిపూట సోలార్ దండిగా ఉంది. రైతుకు కావాల్సింది పగలు మంచి ఓల్టేజీతో తొమ్మిది గంటలు. ఆ తొమ్మిది గంటలు సూర్యుడు ఉన్నప్పుడే ఇస్తే ప్రభుత్వానికి చవక, రైతుకు ప్రాణభయం లేదు. ముందు మీరు అడగాల్సింది ఇదే: మా సబ్‌స్టేషన్ కింద పగటి లోడుకు ఐదేళ్ల ప్లాన్ చూపించండి అని.

వనపర్తి_లెక్కలు:

ఏడీఈ సార్ చెప్పింది నూటికి నూరుపాళ్లు. ప్లాన్ ఎవరు వేస్తారన్నారు కదా, ఆ సంగతి నేను రాస్తాను. నాకు టారిఫ్ ఆర్డర్లు చదివే అలవాటు ఉంది.

మన దక్షిణ తెలంగాణకు కరెంటు పంచేది దక్షిణ డిస్కం. ఉత్తరానికి ఇంకొకటి. రెండూ కలిసి లోడు అంచనాలు, రిసోర్స్ ప్లాన్ అని ఐదేళ్లకోసారి ఈఆర్సీకి ఇవ్వాలి. ఇప్పుడు నడుస్తున్నది 2024-29 కాలం, దాంతోపాటు 2029-34కి కూడా తాత్కాలిక అంచనా ఇచ్చారు. అంటే పదేళ్ల లెక్క కాగితం మీద ఉంది. 2023లో కేంద్రం రిసోర్స్ అడిక్వసీ అని కొత్త మార్గదర్శకాలు తెచ్చింది, వాటి ప్రకారం ప్రతి రాష్ట్రం ముందు ఏళ్లకు డిమాండు ఎంతో, దానికి తగ్గ కరెంటు ఎక్కడ కట్టుబడి ఉందో ముందే చూపించాలి. మంచి నిబంధన. కాకపోతే ఆ లెక్కంతా రాష్ట్రం మొత్తానికి. నీ ఫీడరు అందులో కనపడదు, ట్రాన్స్‌మిషన్ ప్లాన్‌లో పెద్ద సబ్‌స్టేషన్ల దాకా వస్తుంది, అక్కడితో సరి.

అసలు జాగ్రత్తపడాల్సింది కరెంటు కొనుగోలు ఒప్పందాల (పీపీఏల) దగ్గర. ఒక థర్మల్ ప్లాంటుతో ఒప్పందం అంటే సాధారణంగా 25 ఏళ్లు. అందులో ఫిక్స్‌డ్ చార్జీ అని ఉంటుంది, ప్లాంటు సిద్ధంగా ఉంటే చాలు, మనం కరెంటు తీసుకున్నా తీసుకోకున్నా కట్టాలి. ఏడాదిలో కొన్ని వారాల పీక్ కోసం 25 ఏళ్ల ఫిక్స్‌డ్ చార్జీలు నెత్తిన పెట్టుకోవడం అంటే జాతర మూడు రోజుల కోసం ఊరు బస్సులు కొని పెట్టుకున్నట్టే. 2014లో మనకు కొరత నిజం, తొందర నిజం. ఆ తొందరలో 2015లో ఛత్తీస్‌గఢ్‌తో 1000 మెగావాట్లకు ఒప్పందం చేసుకున్నారు, పోటీ టెండర్లు లేకుండా చేశారన్న విమర్శ మీద 2024లో విచారణ కమిషన్ కూడా కూర్చుంది. అదే కమిషన్ భద్రాద్రి, యాదాద్రి నిర్ణయాలను కూడా చూసింది. తప్పెవరిదో ఇక్కడ తేల్చనవసరం లేదు, కానీ కొరత నెత్తిమీదకి వచ్చాక చేసే ఒప్పందం ఎప్పుడూ ఖరీదే. ముందుచూపు లేకపోతే పడే జరిమానా అది.

ఇంకో పక్క ఏ ఒప్పందమూ లేకుండా ఏ రోజుకారోజు కరెంటు అమ్మే ఎక్స్ఛేంజిలో కొనుక్కుందామంటే, ఎండాకాలం సాయంత్రాల్లో యూనిట్ గరిష్ఠ పరిమితి 10 రూపాయలకు పోతుంది. అదే ఎక్స్ఛేంజిలో మధ్యాహ్నం సోలార్ ఉన్నప్పుడు రెండు మూడు రూపాయలకు దొరికే రోజులున్నాయి. ఒకే రోజులో ఇంత తేడా. ఏడీఈ సార్ గంటలు అన్నది అందుకే.

ఇవన్నీ చివరికి ఎవరి మీద పడతాయి? 2023 డిసెంబరులో అసెంబ్లీలో పెట్టిన శ్వేతపత్రం ప్రకారం విద్యుత్ సంస్థల అప్పు 81 వేల కోట్లు దాటింది. ఉచితాలకు, రాయితీలకు ప్రభుత్వం ఏటా 11 వేల కోట్ల పైన డిస్కంలకు ఇవ్వాలి, విద్యుత్ చట్టం 2003లో 65వ సెక్షన్ ప్రకారం అది ముందస్తుగా ఇవ్వాలి. ఆలస్యమైతే డిస్కం అప్పు తెస్తుంది, వడ్డీ కడుతుంది, ఇక మీ ఊరికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కొనే డబ్బు ఎక్కడిది? ఉచిత కరెంటు ఉండాలి, దాని డబ్బు టైముకు రావాలి. రైతులే ఈ రెండో మాట గట్టిగా అడగాలి.

మిర్యాలగూడ_రైస్‌మిల్లు:

అన్నలూ, సోలార్ సోలార్ అంటున్నారు. మా మిల్లు సీజన్లో రాత్రీ పగలూ నడవాలి. వడ్లు లారీల్లో వచ్చి రోడ్డు మీద నిలబడితే సాయంత్రం ఆరింటికి సూర్యుడు పోయాడని షట్టర్ దించలేం. ఒక్క నిమిషం ట్రిప్ అయితే మిషన్లన్నీ ఖాళీ చేసి మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవాలి, నూక పెరుగుతుంది. మాకు హై టెన్షన్ (హెచ్‌టీ) కనెక్షన్‌లో యూనిట్ 7 రూపాయల 65 పైసలు, దానిపైన డిమాండ్ చార్జీ వేరే. ఇళ్లకు, రైతులకు తక్కువ పడేట్టు చేసే భారంలో కొంత మా బిల్లు మీదే ఉంది. దానికి ఏడవడం లేదు, మా ఇంట్లోనూ వ్యవసాయం ఉంది. కానీ డబ్బు కట్టినందుకు నమ్మకంగా కరెంటు రావాలి కదా.

యాదాద్రి ప్లాంటు మాకు దగ్గరే. 2015 జూన్‌లో శంకుస్థాపన అయ్యింది, అందులో ఒక జనరేటర్ యూనిట్ నడవడానికి 2024 డిసెంబరు పట్టింది, తొమ్మిదేళ్ల పైన. మధ్యలో 2022లో గ్రీన్ ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని ఆపింది, మళ్లీ అధ్యయనాలు చేసి అనుమతి తెచ్చుకునేసరికి 2024. ఆలస్యమైన ప్రతి ఏడాదికీ వడ్డీ పెరిగి యూనిట్ ధరలో కలుస్తుంది. అయినా సరే, కట్టిన ప్లాంటును ఇప్పుడు వద్దనడం తెలివి కాదు. 5 యూనిట్లూ సరిగ్గా నడిపి రాత్రి కరెంటు భరోసా ఇవ్వండి, ఆ తర్వాత కొత్తగా బొగ్గు ప్లాంట్లు కావాలా వద్దా అని మాట్లాడుకుందాం.

ఒక మాట మాత్రం చెప్పాలి. 4000 మెగావాట్లు పూర్తిగా నడిస్తే రోజుకు 50 వేల టన్నుల పైన బొగ్గు కావాలి. సింగరేణి నుంచి రైళ్లలో మన దగ్గరికి రావాలి, ఆ రవాణా ఖర్చు జన్మంతా ఉంటుంది. మన బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే. ఆ బూడిద ఎటు పోతోంది, చుట్టూ తండాల్లో గాలి ఎట్లా ఉంది, రోజూ కొలిచి బోర్డు మీద పెడుతున్నారా? భూములు ఇచ్చిన కుటుంబాలు పక్కనే ఉన్నాయి. వాళ్ల ఊపిరితిత్తుల ఖర్చు ఏ టారిఫ్ ఆర్డర్‌లోనూ కనపడదు.

అమ్రాబాద్_ఆడబిడ్డ:

మా వైపు సంగతి వేరే అన్నా. మీరు ఓల్టేజీ గురించి మాట్లాడుతున్నారు, మాకు చాలా పోడు భూములకు లైనే రాలేదు. అడవిలో స్తంభాలు వేయనివ్వరు. పట్టా ఉంటుంది, నీళ్లు ఉండవు. 2025 మే 19న మా మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు, అటవీ హక్కుల చట్టం (ఆర్‌ఓఎఫ్‌ఆర్) పట్టాలున్న భూములకు బోరు, సోలార్ పంపు ఇచ్చే పథకం. 12,600 కోట్లతో 6 లక్షల ఎకరాలు అన్నారు. మా చెంచు కుటుంబాలకు, లంబాడా కుటుంబాలకు ఇది నిజంగా పెద్ద విషయం, లైను కోసం ఎదురుచూడకుండా పొలంలోనే కరెంటు పుడుతుంది.

కానీ నేను మహిళా సంఘంలో పనిచేస్తాను కాబట్టి ముందే అడుగుతున్నా. ఐదేళ్ల తర్వాత కంట్రోలర్ కాలిపోతే ఎవరు బాగుచేస్తారు? కోతులు ప్యానెల్ మీద ఎక్కి గెంతితే, వడగళ్లు పడితే? మండలానికి ఇద్దరు ముగ్గురు పిల్లలకు రిపేరు నేర్పించి, స్పేర్ పార్టులు అచ్చంపేటలోనే దొరికేట్టు చేస్తే తప్ప ఆ ప్యానెళ్లు కొన్నాళ్లకు గుడిసెల మీద కప్పులవుతాయి. పంట లేని నెలల్లో ఆ కరెంటు ఏం చేయాలన్నది కూడా ఆలోచించాలి, లైను లేని చోట అమ్ముకోలేం, కనీసం పిండిగిర్నీకో, నూనె గానుగకో వాడుకునే ఏర్పాటు ఉండాలి.

సంఘాలతో 1000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టిస్తామన్నారు. ఒక మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి, బ్యాంకు లోను కావాలి. అప్పు సంఘం పేరు మీద ఉండి, లాభం కాంట్రాక్టరుకు పోకుండా ఒప్పందం కాగితాలు తెలుగులో ఇవ్వాలని మేం గట్టిగా అడుగుతున్నాం.

క్లీన్ కరెంటు పేరుతో ఏది తెచ్చినా ఒప్పుకుంటామని కూడా అనుకోవద్దు. నల్లమలలో యురేనియం అన్నప్పుడు మేమంతా లేచి నిలబడ్డాం, 2019 సెప్టెంబరులో అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. నల్లగొండ వైపు లంబాపూర్, పెద్దగట్టు వాళ్లకు ఆ గొడవ ఇంకా ముందు నుంచే తెలుసు. ఎవరి నేల, ఎవరి నీళ్లు పోతున్నాయన్నది కూడా ప్లాన్‌లో లెక్కే.

రిటైర్డ్_ఏడీఈ:

మిల్లు తమ్ముడు అడిగిన రాత్రి సంగతికి జవాబు మన కళ్లముందే కృష్ణా మీద ఉంది. శ్రీశైలం ఎడమగట్టులో 6 యూనిట్లు, ఒక్కోటి 150 మెగావాట్లు. నాగార్జునసాగర్‌లో 7 యూనిట్లు, ఒక్కోటి 100.8. ఇవి రివర్సిబుల్. అంటే కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి తోడి, సాయంత్రం పీక్‌లో మళ్లీ వదిలి కరెంటు తీయొచ్చు. మధ్యాహ్నం సోలార్‌ను సాయంత్రానికి దాచుకునే పని ఇది, బ్యాటరీలు అందరి నోటా రాకముందే కట్టి పెట్టుకున్నాం. రెండూ కలిపి 1600 మెగావాట్లు! ఎందుకు పూర్తిగా వాడుకోలేకపోతున్నాం? సాగర్ కింద నీళ్లు ఆపే టెయిల్‌పాండ్ ఆంధ్ర చేతిలో ఉంది, ఏ నీళ్లు ఎవరివన్న తగవు కృష్ణా బోర్డు దగ్గర తెగదు, 2023 నవంబరులో సాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడిన సంగతి అందరికీ తెలుసు. తోడిన నీళ్లే మళ్లీ కిందికి వదులుతాం, ఎవరి వాటా తగ్గదు. ఈ ఒక్క విషయం మీద రెండు ప్రభుత్వాలు కూర్చుని ఒప్పందం రాసుకుంటే కొత్త ప్లాంటు కట్టినంత లాభం.

మెయింటెనెన్స్ సంగతి కూడా చెప్పాలి. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో మంటలు లేచి 9 మంది పోయారు. వాళ్లలో మా శాఖ ఇంజినీర్లు ఉన్నారు. కట్టేటప్పుడు ఉన్న శ్రద్ధ నడిపేటప్పుడు ఉండకపోతే జరిగేది అదే. పది ఇరవై ఏళ్ల ప్లాన్ అంటే కొత్తవి కట్టడం ఒక్కటే కాదు, ఉన్నవాటికి మనుషులు, స్పేర్లు, భద్రత కూడా.

వనపర్తి_లెక్కలు:

దీనికి ఒకటి కలుపుతాను. పాలమూరు-రంగారెడ్డి లిఫ్టు పంపులు ఒక్కోటి 145 మెగావాట్లు. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్ ఇప్పటికే ఉన్నాయి. ఈ లిఫ్టులు ఏ గంటల్లో నడుపుతారన్నది మన దక్షిణ జిల్లాల కరెంటు ప్లాన్‌లో అన్నిటికంటే పెద్ద ప్రశ్న. రిజర్వాయర్‌లో నీళ్లు పగలు పోసినా రాత్రి పోసినా పొలానికి తేడా లేదు. వీలైనంత పగలు సోలార్ గంటల్లో నడిపి, సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఆపితే ఎంత మిగులుతుందో డిస్కంను, ఇరిగేషన్‌ను కలిపి లెక్క చెప్పమనాలి. వరద రోజుల్లో కుదరదు, నీళ్లు వచ్చినప్పుడు రాత్రీ పగలూ తోడాల్సిందే, అది అర్థం చేసుకోవచ్చు. మిగతా రోజుల సంగతి అడుగుదాం.

మిల్లు అన్నకు కూడా పనికొచ్చే విషయం: కేంద్రం 2023లో తెచ్చిన టైమ్ ఆఫ్ డే నిబంధన ప్రకారం పరిశ్రమలకు సోలార్ గంటల్లో రేటు మామూలు రేటు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. దాన్ని మన దగ్గర ఎట్లా అమలు చేస్తారో ఈఆర్సీని అడగండి. పగలు చవకైతే మీరు వడ్లు ఉడికించే పని (పారాబాయిలింగ్) రాత్రి పెట్టుకున్నా, పాలిషింగ్ అన్నా పగటికి మార్చుకోవచ్చు కదా?

మిర్యాలగూడ_రైస్‌మిల్లు:

అన్నీ కుదరవు గానీ కొంత మార్చుకోవచ్చు. రేటులో తేడా బిల్లు మీద కనిపించేంత ఉంటే మారుస్తాం. ముందు రేటు ఇవ్వాలి, తర్వాత మమ్మల్ని అడగాలి.

దేవరకొండ_బోరుబావి:

అందరికీ చాలా థ్యాంక్స్. మా వాళ్లతో కూర్చుని రాయబోయేది ఇది, చూసి సరిచేయండి. మా 33/11 కేవీ సబ్‌స్టేషన్ కింద ఎన్ని మోటర్లు, డీటీఆర్ల మీద ఓవర్‌లోడు ఎంత, ఐదేళ్లలో ఏ ఏడాది ఏది పెంచుతారో రాతపూర్వకంగా ఇవ్వాలి. వ్యవసాయానికి పగలు తొమ్మిది గంటలు పూర్తి ఓల్టేజీ హామీ ఇవ్వాలి, దానికి ఇదే సబ్‌స్టేషన్ పక్కన కేంద్ర పథకం పీఎం కుసుమ్ కింద చిన్న సోలార్ ప్లాంటు పెడితే ఎంత లోడు దిగుతుందో చెప్పాలి. కొత్తగా ఏ 25 ఏళ్ల ఒప్పందం చేసుకున్నా పోటీ టెండరుతోనే చేయాలి, ఫిక్స్‌డ్ చార్జీ ఎంతో ముందే జనానికి చెప్పాలి. సబ్సిడీ డబ్బు ఏ నెలది ఆ నెల వచ్చిందో లేదో వెబ్‌సైట్‌లో పెట్టాలి. శ్రీశైలం, సాగర్ రివర్సిబుల్ యూనిట్లు ఏడాదిలో ఎన్ని గంటలు తోడాయో లెక్క కావాలి. బూడిద, గాలి కొలతల సంగతి కూడా పెడుతున్నాం, మాకు దామరచర్ల దూరమైనా సరే.

వనపర్తి_లెక్కలు:

బాగుంది. కుసుమ్ దగ్గర ఒకటి కలపండి: మన రాష్ట్రంలో రైతు భూమిలో పెట్టే 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల ప్లాంటుకు ఇచ్చే రేటు యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు. కొత్త బొగ్గు కరెంటు 5 రూపాయల పైన పడుతోంది, దానికి దూరం నుంచి తేవడంలో లైను నష్టం అదనం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, మా సబ్‌స్టేషన్‌కు ఏది చవకో మీరే చెప్పండి అని అడగండి. డిస్కంలు తమకు ఏడాదికి కావాల్సిన ఆదాయం లెక్క (ఏఆర్ఆర్) వేశాక ఈఆర్సీ పేపర్లో ప్రకటన ఇస్తుంది, అందులో అభ్యంతరాలకు ఆఖరి తేదీ ఉంటుంది. మీ పేర్లు, పూర్తి అడ్రసులు రాసి, ఒక కాపీ డిస్కంకు పంపిన రుజువు జత చేయండి. బహిరంగ విచారణలో మాట్లాడతామని అదే కాగితంలో రాయండి, రాయకపోతే పేరు పిలవకపోవచ్చు. అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు.

అమ్రాబాద్_ఆడబిడ్డ:

ఆ తేదీ వచ్చినప్పుడు ఇక్కడే పెట్టండి అన్నా. మా సంఘం నుంచి కూడా ఒక కాగితం వేస్తాం, సోలార్ పంపుల రిపేరు సంగతి మీద. ఆడవాళ్లం నలుగురైదుగురం హైదరాబాద్ వస్తాం.